సభలో సేద్యగాళ్లు

2004 నుంచి కొన్నేళ్లపాటు హైదరాబాదులో ఒక తెలుగు దినపత్రికకు శాసనసభ వార్తలు రాశాను. పబ్లిక్ గార్డెన్స్‌లో 1913లో పూర్తయిన పాత టౌన్‌హాలు, దాని పక్కన తర్వాత కట్టిన సభామందిరం, అందులో విలేఖరుల గ్యాలరీ. అదే నా పనిచోటు. సొంతూరు మాత్రం చిత్తూరు జిల్లా గంగవరం మండలంలో ఒక పల్లె. పలమనేరు నుంచి పుంగనూరు మీదుగా మదనపల్లెకు పోయే రోడ్డు దిగి, చెరువుకట్ట మీద కొంచెం దూరం నడిస్తే మా కయ్యలు వస్తాయి. నాలుగెకరాల సేద్యం. చెరువు కింద రాగి, బోరు కింద టమోటా, మల్బరీ, మెట్టలో చెనిక్కాయ, ఇంటి దగ్గర రెండు సీమావులు. టమోటా మదనపల్లె మార్కెట్టుకు పోయేది, పట్టుగూళ్లు పలమనేరు మార్కెట్టుకు, పాలు తెల్లారేసరికి ఊళ్లోకి వచ్చే వ్యానుకు. ఈ మూడు దారుల్లోనే మా నాయన జీవితమంతా గడిచింది.

సభ ముగిసి వార్త పంపాక ఇంటికి ఫోన్ చేసేవాణ్ని. నాయన మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"ఏంరా, ఈ పొద్దు కరెంటు గురించి ఎవరన్నా మాట్లాడినారా?"

"మాట్లాడినారు నాయనా. ఏడు గంటలు ఇస్తామన్నారు."

"ఏడు గంటలని నాకూ తెలుసు. ఏ టయానికి ఇస్తారో ఎవరన్నా అడిగినారా?"

నా నోట్‌బుక్ తిరగేసి చూసేవాణ్ని. గంటల లెక్క ఉండేది, కోట్ల లెక్క ఉండేది, గత ప్రభుత్వం చేసిందానికీ ఈ ప్రభుత్వం చేసిందానికీ తేడా ఉండేది. ఏ వేళకు కరెంటు వస్తుందన్న మాట చాలా రోజులు కనపడేది కాదు. శాసనసభలో రైతు అంటే ఎవరు అన్న ఆలోచన నాకు ఆ ఫోన్లతోనే మొదలైంది. ఇన్నేళ్ల తర్వాత ఈ జ్ఞాపకాలు రాయడానికి కూర్చున్నదీ ఆ ఆలోచనతోనే.

కరెంటు ఆ రోజుల్లో ఎంత పెద్ద సంగతో ఇప్పటి పిల్లలకు కొంచెం చెప్పాలి. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపుకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శన మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత వరుస కరువులు. 2004 మే 14న లాల్‌బహదూర్ స్టేడియంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, అదే వేదిక మీద ఉచిత విద్యుత్తు ఫైలు మీద మొదటి సంతకం చేశారు. ఊళ్లో ఆ రోజు పండగే. మా నాయన కూడా సంతోషపడ్డాడు. అయితే ఆయన సంతోషం వెనకాలే ఒక లెక్క ఉంది. ఏడు గంటల్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్క పగలు, ఒక ముక్క రాత్రి ఇచ్చేవారు. రాత్రి ముక్క ఒంటిగంటకు వస్తే ఒంటిగంటకే లేచి పోవాలి. ఊరందరి మోటార్లూ ఒక్కసారి తిరిగితే వోల్టేజీ పడిపోతుంది. మోటారు కాలిపోతుంది, లేదంటే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు పోతే దాని కింద ఉన్న రైతులంతా తలా కొంత వేసుకుని, ట్రాక్టరు మాట్లాడుకుని, పలమనేరుకు తోలుకుపోయి బాగుచేయించుకుని రావాలి. ఆ లోపల టమోటా పూత రాలిపోతుంది.

మా వైపు రాత్రి కరెంటుకు ఇంకో భయం కూడా ఉండేది. 1980ల నడుమ తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగుల గుంపులు కుప్పం, పలమనేరు అడవుల్లోకి దిగాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యాన్ని ప్రకటించారు. అడవికి అంచున ఉన్న పల్లెల్లో రాగి కంకి పట్టిందంటే, చెరుకు తీపెక్కిందంటే గుంపు దిగుతుంది. చీకట్లో టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి పోయే మనిషి పామునూ చూసుకోవాలి, ఏనుగునూ చూసుకోవాలి. "ఏ టయానికి" అని మా నాయన అడిగిన మాటలో ఇదంతా ఉంది. సేద్యం చేసేవాడికి తప్ప ఆ మాట అడగాలని తోచదు.

అయితే సభలో రైతులు లేరా? కాగితాల్లో కావలసినంత మంది ఉన్నారు. ఎన్నికల్లో నిలబడేవాళ్లు ఆస్తులు, కేసులు, చదువు గురించి అఫిడవిట్ ఇవ్వాలన్న నియమం సుప్రీంకోర్టు తీర్పుల వల్ల అప్పుడే కొత్తగా వచ్చింది. 2004 ఎన్నికలప్పుడు ఆ అఫిడవిట్లు కట్టలు కట్టలుగా తిరగేయడం నా పనిలో భాగమైంది. సభ్యుల పరిచయ పుస్తకం కూడా బల్లమీద ఉండేది. వృత్తి అన్నచోట వ్యవసాయం అన్న మాట పుటపుటకూ కనిపించేది. అది అబద్ధమని నేననను. భూమి ఉంది, పాసుపుస్తకం ఉంది, తాతల కాలం నుంచి సేద్యగాళ్ల కుటుంబమే. కానీ చాలామందికి ఆ భూమి కౌలుకో, పాలుకో పోయి ఉంటుంది. కాంట్రాక్టులు, విద్యాసంస్థలు, నగరంలో స్థలాలు అసలు బతుకుతెరువుగా మారి ఉంటాయి. సభలో భూమి ఉన్నవాళ్లు చాలామందే. ఏ వేళకు కరెంటు వస్తుందో లెక్క చూసుకుని బతికేవాళ్లు కొద్దిమంది. నేను గుర్తుపెట్టుకున్నది ఆ కొద్దిమందినే.

ముందు గుమ్మడి నర్సయ్య గారి గురించి చెప్పాలి. అప్పటి ఖమ్మం జిల్లా ఇల్లెందు నుంచి 1983, 1985, 1989, 1999, 2004లో ఐదుసార్లు గెలిచిన మనిషి. టేకులగూడెం అనే చిన్న ఊరి ఆదివాసీ రైతు. సీపీఐ (ఎంఎల్) న్యూడెమోక్రసీ నాయకుడు. నేను అసెంబ్లీకి వచ్చేనాటికే ఆయన సీనియర్ సభ్యుడు. సభ మొదలయ్యే వేళకు గేటు ముందు కార్లు బారులు తీరేవి. గన్‌మెన్లు, డ్రైవర్లు, వెంట వచ్చినవాళ్లతో ఆవరణ సందడిగా ఉండేది. ఆ సందడిలో నర్సయ్య గారు చేతిసంచీతో నడిచి వస్తుంటే కొత్తగా వచ్చిన విలేఖరులు ఎవరో అర్జీదారుడనుకునేవాళ్లు. సొంత కారు లేదు. ఊరికి పోవాలన్నా రావాలన్నా ఆర్టీసీ బస్సు, రైలు. జీతం పార్టీకి ఇచ్చేసి, పార్టీ ఇచ్చే కొద్ది మొత్తంతో బతకడం వాళ్ల పద్ధతి. సభలేని రోజుల్లో ఊళ్లో తన పొలంలోనే ఉంటారని ఆ జిల్లా విలేఖరులు చెప్పేవాళ్లు.

ఆయన నిరాడంబరత గురించి ఎన్నో వ్యాసాలు వచ్చాయి. అవన్నీ న్యాయమైనవే. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆయన సభలో లేవనెత్తే విషయాలు. పోడు భూములు, అటవీ శాఖ కేసులు, ఆదివాసీ పల్లెలకు రోడ్లు, గూడేల్లో జ్వరాలు, తునికాకు కూలి. ఇల్లెందు సింగరేణి బొగ్గుకు పుట్టిల్లు. 1889లో తవ్వకాలు మొదలైన చోటు. భూమి కింద అంత సంపద ఉన్నచోట భూమి మీద సాగుచేసుకునేవాడికి పట్టా లేదన్నది ఆయన వాదన సారం. అడవి అంచున దున్నుకునే మనిషి మీద ఏ కేసు పడుతుందో, వాయిదాకు పోవాలంటే ఎన్ని రోజుల కూలి పోతుందో ఆయనకు ఎవరూ రాసివ్వనక్కర్లేదు. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసి, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీలకు హక్కు ఇస్తామన్నప్పుడు, దాని అర్థం ఏమిటో మాలో చాలామందికి నర్సయ్య గారి పాత ప్రసంగాల వల్లే తెలిసింది.

కానీ సభలో సమయం పార్టీ బలాన్ని బట్టి పంచుతారు. సభా వ్యవహారాల సలహా సంఘంలో ఏ పార్టీకి ఎంతసేపో తేలుతుంది. 294 నియోజకవర్గాల సభలో తన పార్టీకి తానొక్కడే అయిన సభ్యుడికి చివరలో దక్కేవి కొన్ని నిమిషాలు. అప్పటికి గ్యాలరీలో సగం మంది టీ తాగడానికి వెళ్లిపోయి ఉండేవాళ్లు. ఆ నిమిషాల్లో ఆయన ఊరి పేరు, సంఘటన, అడిగే కోరిక మాత్రం చెప్పి కూర్చునేవారు. పొగడ్తకు గానీ తిట్టుకు గానీ ఆ నిమిషాల్లో చోటుండేది కాదు.

భద్రాచలం సభ్యుడు సున్నం రాజయ్య గారు కూడా అదే దారి. సీపీఎం తరఫున 1999లో, 2004లో, మళ్లీ 2014లో తెలంగాణ శాసనసభకు గెలిచారు. వి.ఆర్.పురం మండలం సున్నంవారిగూడెం ఆయన ఊరు. ఆటోలో అసెంబ్లీకి వచ్చిన ఎమ్మెల్యేగా తర్వాత పేపర్లలో ఫొటోలు వచ్చాయి. గోదావరి వరదొస్తే ముందు మునిగే పల్లెల మనిషి. పోలవరం గురించి ఆయన మాట్లాడితే ఆ మాటల్లో మునిగిపోయే ఊళ్ల పేర్లు వరసగా వచ్చేవి. 2020 ఆగస్టులో కరోనా ఆయన్ను తీసుకుపోయింది. ఆ వార్త చదివిన రోజు నేను చాలాసేపు పాత నోట్‌బుక్కులు వెతుక్కున్నాను. ఆయన ప్రసంగాల్లో నేను రాసుకున్న ఊళ్ల పేర్లు ఇంకా అందులో ఉన్నాయి.

ఈ సంగతులు ఫోన్లో చెబితే మా నాయన శ్రద్ధగా వినేవాడు. ఆయన తరం వాళ్లకు రైతు నాయకుడంటే వెంటనే గుర్తొచ్చే పేర్లు వేరు. చిత్తూరు లోక్‌సభ స్థానానికి 1962లో ఉపఎన్నిక వస్తే ఆచార్య ఎన్.జి. రంగా ఇక్కడి నుంచే గెలిచారు. గుంటూరు జిల్లా మనిషిని చిత్తూరు రైతులు తమవాడిగా పంపారు. ఆయన శిష్యుడు, దిగువమాఘం వాసి పాటూరి రాజగోపాలనాయుడు 1977లో, 1980లో ఇదే చిత్తూరు నుంచి ఎంపీ అయ్యారు. "రాజన్న మీటింగు పెడితే మొదట చెరుకు ధర మాట్లాడి, తర్వాత రాజకీయం మాట్లాడేవాడంట" అని నాయన చెప్పేవాడు. ఆయన స్వయంగా విన్నాడో, ఊళ్లో పెద్దలు చెప్పగా విన్నాడో నేను అడగలేదు. ధర మాట ముందు, పార్టీ మాట తర్వాత అన్న ఆ వరస మాత్రం ఆయనకు చాలా ముఖ్యం.

సేద్యం వదలని శాసనసభ్యుడి దినచర్యను నేను దగ్గరగా చూసింది రాయలసీమకే చెందిన మరొకాయన దగ్గర. పదవి పోయాక తన గురించి రాయవద్దని కోరారు కాబట్టి పేరు చెప్పను. హైదర్‌గూడ ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో ఉండేవారు. నేను ఉండే గది అక్కడికి దగ్గర. తెల్లవారుజామున పోతే అప్పటికే ముందుగది నిండా మనుషులు. రాత్రి బస్సులో వచ్చి, అక్కడే మొహాలు కడుక్కుని కూర్చున్నవాళ్లు. నిమ్స్‌లో ఆపరేషన్‌కు ముఖ్యమంత్రి సహాయనిధి ఉత్తరం కావాలని ఒకరు, టీచరు బదిలీకి సిఫారసు కావాలని ఒకరు, పింఛను ఆగిపోయిందని ఒక ముసలమ్మ, కొడుకును పోలీసులు తీసుకుపోయారని ఒక తండ్రి. శాసనసభ్యుడంటే చట్టాలు చేసేవాడని పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ ముందుగదిలో కూర్చున్నవాళ్లలో చట్టం కోసం వచ్చినవాళ్లు నాకు కనపడలేదు. అందరికీ కావలసింది ఒక సంతకం, ఒక ఫోన్.

ఆయన అందరి మాటా విని, ఉత్తరాలు చెప్పి రాయించి, మధ్యలో లేచి ఇంటికి ఫోన్ చేసేవారు. ఫోన్లో మాట ఎప్పుడూ ఒకటే: తడి పారిందా, లేదా. వాళ్ల ఇంట్లో సేద్యమంతా ఆయన భార్య చేతిమీద నడిచేది. ఒకరోజు ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు.

"మోటారు కాలింది, అన్నా. మొన్ననే చుట్టించినాము."

"అధికారులకు ఫోన్ చేసి చెప్పొచ్చు గదా సార్?"

"చేస్తే నా ఊరికి ఇస్తారు. పక్క ఊరికి?"

ఆయన నన్ను పలమనేరు గూళ్ల ధర అడిగేవారు, మదనపల్లెలో టమోటా బాక్సు ఎంత పలుకుతోందో అడిగేవారు. మా నాయన చెప్పిన ధరలు నేను ఆయనకు చెప్పేవాణ్ని. ఆయన చెప్పిన ఊరి సంగతులు మా నాయనకు చెప్పేవాణ్ని. ఒకరినొకరు చూడకుండానే ఇద్దరికీ స్నేహం కుదిరింది.

సభ క్యాలెండరుకూ సేద్యం క్యాలెండరుకూ పొత్తు కుదరదని ఆయన వల్లే నాకు అర్థమైంది. బడ్జెట్ సమావేశాలు ఫిబ్రవరి, మార్చిలో. అప్పుడే మామిడి పూత, పిందె. అప్పుడే బోర్లలో నీళ్లు దిగిపోయే కాలం. వానాకాలం సమావేశాలు పెడితే చెనిక్కాయ కలుపుకొచ్చే రోజులు. చలికాలం సమావేశాలు పెడితే కోతలు, నూర్పిళ్లు. ఏ సమావేశం పెట్టినా ఏదో ఒక పైరు ఆయన లేకుండానే దాటిపోతుంది. "ఎమ్మెల్యే ఊళ్లో లేకుంటే జనం రెండు రోజులు ఓర్చుకుంటారు. రైతు ఊళ్లో లేకుంటే పైరు ఓర్చుకోదు" అని ఒకసారి అన్నారు. శనివారం సాయంత్రం బస్సెక్కి, ఆదివారం పొలంలో గడిపి, సోమవారం ప్రశ్నోత్తరాల సమయానికి కళ్లెర్రగా వచ్చి కూర్చునేవారు. పెళ్లిళ్లు, చావులు, తిరునాళ్లు, దేనికి పోకపోయినా తప్పే. వీటన్నిటికీ జీతం చాలదు. ఆయన రెండోసారి పోటీ చేసేముందు ఒక ఎకరా అమ్మారని తర్వాత తెలిసింది. సేద్యం చేస్తూ రాజకీయంలో ఉండేవాళ్లు ఎందుకు తక్కువైపోతున్నారో ఆ ఎకరాయే చెబుతుంది.

ఒక సమావేశాల కాలంలో మా నాయన, ఊళ్లోని మా చిన్నాయన, పక్క కయ్య మామ, ముగ్గురూ హైదరాబాదు వచ్చారు. ఏనుగులు తొక్కిన పైరుకు పరిహారం, ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి, ఈ రెండింటి మీద అర్జీ రాసుకొచ్చారు. సందర్శకుల గ్యాలరీకి పాసులు సంపాదించి పెట్టాను. తెల్లపంచెలు కట్టుకుని, భుజాన తువ్వాళ్లు సర్దుకుని, గుళ్లో కూర్చున్నంత భక్తిగా కూర్చున్నారు. ఆ రోజు ప్రశ్నల జాబితాలో వ్యవసాయ విద్యుత్తు మీద ఒక ప్రశ్న ఉంది. ముద్రించిన జాబితా నాయన చేతికిచ్చి, అది ఎన్నో ప్రశ్నో వేలితో చూపించాను.

మొదటి ప్రశ్న మొదలుకాక ముందే ఒక పక్షం వాళ్లు వాయిదా తీర్మానం మీద చర్చ కావాలని లేచారు. అవతలి పక్షం వాళ్లు కూడా లేచారు. కాగితాలు ఎగిరాయి. స్పీకరు సభను కాసేపు వాయిదా వేశారు. మళ్లీ కూర్చున్నారు, మళ్లీ లేచారు. ప్రశ్నోత్తరాల సమయం అలాగే గడిచిపోయింది. వ్యవసాయ విద్యుత్తు ప్రశ్న దాకా సభ రానే లేదు.

బయటికి వచ్చాక చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. మామకు కోపం వచ్చింది. "ఇంత దూరం వచ్చి ఈ గలాటా చూసేదానికేనా?" అన్నాడు. నాయన మాత్రం ఆ జాబితాను మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ ప్రశ్న అడగలేదు గదా, మరి దానికి జవాబు ఉండదా?" అని నన్నడిగాడు. ఉంటుందన్నాను. సభలో పిలుపు రాని చుక్కగుర్తు ప్రశ్నలకు మంత్రి సిద్ధం చేసుకొచ్చిన జవాబును సభ ముందు ఉంచినట్లుగా భావిస్తారు. అది రికార్డులోకి ఎక్కుతుంది. లైబ్రరీలో దొరుకుతుంది. నాయన మొహంలో అప్పుడు కొంచెం వెలుగు వచ్చింది. "అయితే కాపీ తీసి పంపించు. మన డివిజన్ ఆఫీసులో చూపిస్తాం" అన్నాడు.

మర్నాడు కాపీ తీసి పంపాను. ఆ జవాబులో విద్యుత్తును ఏ వేళల్లో ఇస్తున్నారో విడతల వారీగా రాసి ఉంది. మా ఊళ్లో రాత్రి విడత దానికంటే ఆలస్యంగా వచ్చేది. నాయన ఆ కాగితం పట్టుకుని పోయి అడిగాడు. కొంతకాలం వేళలు సరిగ్గా నడిచాయి. తర్వాత మళ్లీ తప్పాయి, మళ్లీ పోయి అడిగారు. పెద్ద విజయమేమీ కాదు. కానీ మా ఊళ్లో శాసనసభ కాగితం ఒకటి చేతికి వచ్చి పనిచేయడం నేను చూసింది అదే మొదలు. ప్రశ్న వేసిన సభ్యుడు ఎవరో మా వాళ్లెవరూ చూడలేదు. ఆయన సభలో నోరు విప్పే అవకాశమే రాలేదు. అయినా ఆయన రాసిచ్చిన నాలుగు వాక్యాలు మా కయ్యల దాకా నీళ్లు తెచ్చాయి.

ఇంకొక సంఘటన చెప్పకపోతే ఈ జ్ఞాపకాలు అసంపూర్ణం. 2004 జూన్ 1న ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. అప్పులపాలై ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పులవాళ్లతో ఒక్కసారిగా తేల్చుకోవడానికి మరో 50 వేలు. మండల స్థాయిలో తహసీలు, పోలీసు, వ్యవసాయ అధికారులు విచారించి, డివిజన్ స్థాయిలో ధ్రువీకరించాలి. మంచి ఉత్తర్వు. మా వైపు ఒక పల్లెలో కౌలుకు టమోటా పెట్టిన యువకుడు పురుగుమందు తాగి చనిపోయాడు. బోరుకు తెచ్చిన అప్పు, పంటకు తెచ్చిన అప్పు, ధర పడిపోయి పెట్టుబడి కూడా రాని ఏడాది. సెలవులో ఊరికి పోయినప్పుడు ఆ ఇంటికి వెళ్లాను. ఆయన భార్య పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కాగితాలన్నీ ముందు పరిచింది. పోస్టుమార్టం రిపోర్టు ఉంది, ప్రామిసరీ నోట్ల నకళ్లు ఉన్నాయి. లేనిది ఒక్కటే, ఆయన పేరుమీద పాసుపుస్తకం. భూమి వేరేవాళ్లది. కౌలు నోటిమాట. విచారణలో ఆయన రైతు కాదని తేల్చారు.

హైదరాబాదు వచ్చి ఆ వివరాలన్నీ రాయలసీమ ఎమ్మెల్యే గారికి చెప్పాను. ఆయన కాసేపు తలవంచుకుని కూర్చున్నారు. "నా చేను నేను లేనప్పుడు చూసేవాడు కూడా కౌలుదారే. రేపు వాడికేమన్నా అయితే వాడూ రైతు కాడు. సభ్యుల పుస్తకంలో మాత్రం నేను రైతునే" అన్నారు. ఆ పూటే ప్రశ్న రాశారు. పాసుపుస్తకం లేని కౌలుదారుల మరణాలను ఎలా విచారిస్తున్నారు, ఎన్ని తిరస్కరించారు, ఏ కారణంతో. ఆ ప్రశ్న కూడా సభలో పిలుపుకు నోచుకోలేదు. లిఖిత జవాబు వచ్చింది. దాన్ని పట్టుకుని ఆ కుటుంబం మళ్లీ అర్జీ పెట్టుకుంది. చివరికి కొంత సాయం అందింది, చాలా ఆలస్యంగా. అప్పటికి ఆ బిడ్డ నడక నేర్చింది.

2004లోనే ప్రభుత్వం జయతీ ఘోష్ అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషన్ వేసింది. కౌలు రైతులకు బ్యాంకు అప్పు, బీమా, పరిహారం అందడం లేదని ఆ కమిషన్ కూడా స్పష్టంగా చెప్పింది. 2011లో భూమి సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఇవేవీ ఒక్క ప్రశ్న వల్ల వచ్చాయని నేను చెప్పను. ఎన్నో సంఘాలు, ఎందరో పరిశోధకులు, ఎన్నో చావులు వాటి వెనక ఉన్నాయి. కార్డు చేతికందని కౌలుదారులు ఇప్పటికీ మా మండలంలోనే ఉన్నారు. అయినా కాగితం మీద లేని రైతు ఒకడున్నాడని సభ రికార్డులోకి ఎక్కించడం ఆ పనిలో ఒక మెట్టు. ఆ మెట్టు వేసింది తన పొలాన్ని కౌలుదారుడి చేతిలో పెట్టి వచ్చిన రైతు.

2009 ఎన్నికల్లో నర్సయ్య గారు ఓడిపోయారు. రాయలసీమ ఎమ్మెల్యే గారు పోటీయే చేయలేదు. ఇంకో ఎకరా అమ్మే శక్తి లేదన్నారు. కొన్నాళ్లకు నేను ఆ ఉద్యోగం వదిలి గంగవరం వచ్చేశాను. నాయన పోయాక సేద్యం నాదైంది. మోటారు వేయడానికి రాత్రిపూట నేనే పోయేవాణ్ని. హైదరాబాదులో విని రాసినవన్నీ అప్పుడు నా కాళ్ల కిందికి వచ్చాయి.

ఇప్పుడు శాసనసభ అమరావతిలో, వెలగపూడిలో ఉంది. 2017 మార్చి నుంచి సమావేశాలు అక్కడే. సభ జరిగినంతసేపూ టీవీలో వస్తుంది. మా ఊరి పిల్లలు సెల్‌ఫోన్లో అరుపుల ముక్కలు చూసి, మనవాడు గట్టిగా ఇచ్చాడంటారు. హంద్రీ-నీవా పుంగనూరు బ్రాంచి కాలువ నుంచి కుప్పం బ్రాంచి తవ్వి, 2025 ఆగస్టులో కుప్పం దాకా నీళ్లు తీసుకుపోయారు. శ్రీశైలం నీళ్లు మెట్లు మెట్లుగా ఎక్కి మా గట్ల పక్కకు రావడం మా నాయన చూడలేకపోయాడు. ఆ నీళ్లు ఏ చెరువుకు ఎంత, ఏ నెలలో, ఎవరి కయ్యకు ముందు, ఎవరి కయ్యకు తర్వాత అన్న లెక్కలు ఇకమీద తేలాలి. అవన్నీ నాయన అడిగిన "ఏ టయానికి" లాంటివే. ఇలాంటివి ఎవరి నోటి నుంచి వస్తాయి? కాలువ చివరి కయ్యలో నిలబడి నీళ్ల కోసం చూసినవాడి నోటి నుంచే వస్తాయి.

అందుకే మా ఊళ్లో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు కుర్రవాళ్లకు ఒకటే చెబుతాను. ఓటు అడగడానికి వచ్చినవాడు నాగలి పట్టి ఫొటో దిగాడా, పంచె కట్టాడా అని చూడొద్దు. ఆయన భూమిని ఎవరు సాగు చేస్తున్నారో, ఆ సాగుచేసేవాడికి కార్డు ఉందో లేదో అడగండి. గెలిచాక సభలో ఎంత గట్టిగా అరిచాడో లెక్కపెట్టొద్దు. ఆయన ఏ ప్రశ్నలు రాసిచ్చాడో, వాటికి ఏ జవాబు వచ్చిందో కాపీ తెచ్చి చూపించమనండి. చూపించలేకపోతే ఆ ప్రశ్న మీరే రాసి ఆయన చేతిలో పెట్టండి. నర్సయ్య గారి వంటివాళ్లు మళ్లీ సభకు పోవాలంటే ఎకరా అమ్ముకోకుండా పోటీ చేయగలిగే పరిస్థితి రావాలి. అది రావడానికి కాలం పట్టొచ్చు. ఈ లోపల ఉన్నవాళ్ల చేత మన ప్రశ్న అడిగించుకోవడం మన చేతుల్లోనే ఉంది.